మారిన గడువుల మూల్యం
2019 ఏప్రిల్‌లో బ్రిటన్ కార్ల ఉత్పత్తి అంతకుముందు ఏడాది అదే నెలతో పోలిస్తే 44.5 శాతం పడిపోవడానికి ప్రధాన కారణం, మార్చి 29న ఒప్పందం లేకుండానే దేశం ఐరోపా సమాఖ్యను వీడితే విడిభాగాలు సరిహద్దులో నిలిచిపోతాయన్న భయంతో పలు కంపెనీలు ఏటా వేసవిలో మరమ్మతులకు ఇచ్చే విరామాన్ని ముందుకు జరుపుకోవడమే. తీరా ఆ నెలలో నిష్క్రమణ జరగనే లేదు. నాటి చర్చ ఎక్కువగా సుంకాల చుట్టూ, అంటే దిగుమతులపై ప్రభుత్వం విధించే పన్నుల చుట్టూ తిరిగింది గాని, గడువును పదేపదే మార్చడం వల్ల కలిగిన నష్టానికి తగిన ప్రాధాన్యం దక్కలేదు. సుంకం ఎంత భారమైనా లెక్కకు అందుతుంది, ధరలో కలుస్తుంది. ఎప్పుడు అమలవుతుందో తెలియని నిబంధన కోసం మాత్రం వ్యాపారి ప్రతి గడువుకూ కొత్తగా సిద్ధపడవలసి వస్తుంది. నిష్క్రమణ ఒప్పందానికి పార్లమెంటు ఆమోదం దొరకని నాటి ప్రధాని థెరిసా మే ప్రభుత్వం గడువును మొదట ఏప్రిల్ 12కు, తర్వాత అక్టోబరు 31కి జరిపించుకోగా, అసలు నిష్క్రమణ 2020 జనవరి 31న గాని జరగలేదు. ఆ తర్వాత కూడా ఐరోపా నుంచి వచ్చే ఆహార పదార్థాల తనిఖీలు పలుమార్లు వాయిదా పడి 2024లో మొదలయ్యాయి. ఒప్పందం లేని నిష్క్రమణను వాయిదాలు తప్పించిన మాట నిజమే అయినా, ప్రభుత్వం చెప్పిన తేదీని నమ్మి గోదాము అద్దెకు తీసుకుని, సిబ్బందికి శిక్షణ ఇప్పించిన చిన్న సంస్థ నష్టపోయి, ఏ ఏర్పాటూ చేయని సంస్థ మిగులుబాటు పొందడం తీరని అన్యాయం కనుక, ఆ ఖర్చును బ్రిటన్ ఖజానాయే భరించి ఉండవలసింది.