డాలస్‌ ఎంత దూరం?

యూనివర్సిటీ పక్కనున్న సీతాఫల్‌మండి, తార్నాకల్లో చాలా ఇళ్ళ పిల్లలు అమెరికాలోనే ఉన్నారు కదా! అమ్మాయి పురిటికో, మనవడి అన్నప్రాసనకో అమ్మ బయల్దేరక తప్పదు. మీ చేతికీ టికెట్ వచ్చిందా? అయితే ఈ లెక్క ఒకసారి చూడండి.

ఎండాకాలంలో ఉదయం 10.30కి హైదరాబాద్‌లో ఎక్కితే, అదే రోజు రాత్రి 11కి డాలస్‌లో దిగుతారని టికెట్లో ఉందనుకోండి. ‘ఓస్, పన్నెండున్నర గంటలేగా!’ అనుకోకండి. ఎక్కే టైము మనది, దిగే టైము వాళ్ళది. అప్పుడు డాలస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక నడుస్తుంది. చలికాలంలో పదకొండున్నర గంటలు. అంటే అసలు ప్రయాణం 23 గంటలన్నమాట!

ఎందుకంతసేపు? ఒక బత్తాయి తీసుకుని, నడుముకి కాస్త పైన ఎదురెదురుగా రెండు చుక్కలు పెట్టండి. ఒకటి మన ఊరు, రెండోది డాలస్. మధ్య దారం బిగించి లాగితే అది పక్కనుంచి కాక, తొడిమ మీదుగా పోతుంది. అదే దగ్గర దారి, సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్‌లో మారి వెళితే అక్కడికి 2,550, అక్కణ్ణుంచి మరో 12,900. గాల్లోనే ఇరవై గంటలు, మధ్యలో మూడు గంటల పడిగాపులు.

ఇంటి దగ్గర్నుంచి లెక్కేస్తే ఇంకా ఎక్కువే. 2008 మార్చి దాకా విమానాలు బేగంపేట నుంచే వెళ్ళేవి. ఇప్పుడు శంషాబాద్ వెళ్ళాలి, అదీ మూడు గంటల ముందే చేరాలి. కాబట్టి ఉదయం 6కే ఇల్లు కదలాలి. అక్కడ దిగాక తనిఖీలు, సామాన్లు. మొత్తం దాదాపు 30 గంటలు!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మాత్రల కోసం. ఉదయం 6కి బీపీ మాత్ర వేసుకుని బయల్దేరారు. దిగాక చూస్తే ఇంకా అదే తేదీ. ‘ఇవాళ్టిది వేసుకున్నాగా’ అని మర్నాడు ఉదయం 6 దాకా ఆగారంటే, మాత్రకీ మాత్రకీ మధ్య ముప్ఫైనాలుగున్నర గంటలు గడిచిపోతాయి! అందుకే డాక్టరుకి టికెట్ చూపించి, ఏ మాత్ర ఎప్పుడో చీటీ రాయించుకోండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళయితే తప్పనిసరిగా అడగాలి. దారిలో చేతి వాచీ మన టైములోనే ఉంచుకోండి. మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే పెట్టుకోండి. పెద్ద సూట్‌కేసు మధ్యలో మీ చేతికి రాదు.

కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గంటా రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. మంచినీళ్ళు తాగుతూ ఉండండి. మోకాళ్ళ నొప్పులుంటే వీల్‌చెయిర్ కావాలని ముందే చెప్పించండి. అందులో నామోషీ ఏముంది?

తిరుగు ప్రయాణంలో లెక్క తిరగబడుతుంది. అక్కడ మధ్యాహ్నం 12కి ఎక్కితే ఇక్కడ మర్నాడు రాత్రి 8.30కి దిగుతారు. చూడ్డానికి ముప్ఫైరెండున్నర గంటలు, నిజానికి 22 గంటలే. అప్పుడు కూడా మాత్రల చీటీ కొత్తగా రాయించుకోవడం మరిచిపోరు కదూ!