వేటాడితే అడవి బతుకుతుందా?

అమెరికాలో పని చేసిన రోజుల్లో మా టీములో ఒకాయన ప్రతి నవంబర్లో వారం సెలవు పెట్టి జింకల వేటకి పోయేవాడు. "మేం వేటాడబట్టే ఇక్కడ అడవి మిగిలింది" అనేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత చదివితే అందులో కొంత నిజముందని తెలిసింది. వేట తుపాకుల మీద, తూటాల మీద అక్కడ వసూలు చేసే పన్ను, 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం, వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. పైగా ఎవరు ఎన్ని జింకల్ని కొట్టాలో లెక్కుంటుంది.

మరి మన దగ్గరా లైసెన్సులిచ్చి వేటకి తలుపులు తెరుద్దామా? ఈ మాట అనేవాళ్ళు మన హైదరాబాదులో కూడా ఉన్నారు. నేను మాత్రం ఒప్పుకోను. మన దగ్గర వేట ఎప్పుడూ దొరల సరదాగానే ఉంది. నిజాం అడవుల్లో 1902లో లార్డ్ కర్జన్ పులిని కొట్టి ఫొటో దిగాడు. దానివల్ల అడవి పక్కనుండే గోండుకో కోలాముకో ఒరిగిందేమీ లేదు. డబ్బు ఊరికి చేరని వేట, సంరక్షణ ఎలా అవుతుంది?

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. 1972 చట్టం, దానికి 1991లో చేసిన సవరణ కలిసి వేటని దాదాపు మూసేశాయి. కాగితం మీద. ఊళ్ళో మాత్రం అది ఆగలేదు, చీకట్లోకి పోయిందంతే.

మంథని వైపు మా మేనమామకి రెండెకరాల మక్క చేనుంది. "ఏం చెయ్యమంటవ్ అల్లుడా? రాత్రంత మంచె మీద కూసుంటే తెల్లారగట్ల జర కన్నంటుకుంటది. లేచి చూస్తే సగం చేను పందుల పాలు" అన్నాడు మొన్న. ఆయన తీగ పెట్టడు. పెట్టేవాళ్ళు మాత్రం ఉన్నారు. కొందరు పంట కోసం, కొందరు మాంసం కోసం. లైనుకి కొక్కెం తగిలించి జానెడెత్తులో తీగ లాగితే చాలు, ఖర్చు లేదు, చప్పుడు లేదు.

కానీ తీగకి పందేదో పులేదో తెలీదు. 2019 జనవరిలో మందమర్రిలో పులి చర్మం దొరికింది. ఆరా తీస్తే, పందుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి చచ్చిన పులిది. 2024 ఫిబ్రవరిలో కాటారం దగ్గర నస్తూర్‌పల్లి అడవిలో వేటగాళ్ళ తీగ తగిలి ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబులు చనిపోయాడు. దానికి ముందు నెలలోనే కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చచ్చిపడ్డాయి. పులి చంపిన పశువు కళేబరానికి విషం పూశారని తేలింది.

ఈ రెండో రకం చావుకీ పందులకీ సంబంధం లేదనుకోకండి. అడవిపంది పులికి ఆహారం. అడవిలో పందులూ దుప్పులూ ఉచ్చులకి పోతే పులి పశువుల మీద పడుతుంది. పశువు పోయినవాడికి కోపమొస్తుంది.

కాబట్టి నా మాట ఇది. సరదా వేట వద్దు. కవ్వాల్లో, తాడోబా నుంచి పులులొచ్చే దారుల్లో అసలే వద్దు. కానీ చేలల్లో పడే పందుల్ని కొట్టడానికి అనుమతిచ్చే వీలు ఇప్పటి చట్టంలోనే, పదకొండో సెక్షన్లో, ఉంది. ఆ పని అధికారుల కళ్ళ ముందు, శిక్షణ ఉన్నవాడి తుపాకీతో, లెక్క రాసి జరగాలి. తుపాకీ పేలితే ఊరంతా వింటుంది, ఎవరు కొట్టారో, ఏం పడిందో తెలుస్తుంది. తీగకి ఆ జవాబుదారీ లేదు. దాంతోపాటు పంటకీ పశువుకీ నష్టపరిహారం మళ్ళీ దుక్కి దున్నే లోపు చేతికందాలి. ఇవి రెండూ చెయ్యకుండా తీగ పెట్టినవాణ్ణి మాత్రం జైల్లో వేస్తే, ఇంకొకడు ఇంకో చేలో పెడతాడు.

పులి మనకి గర్వకారణమే, కాదనను. కానీ ఆ గర్వం ఖర్చంతా మా మామ మక్క చేను ఒక్కటే భరించాలంటే న్యాయమేనా? మీరే చెప్పండి.