ఇంట్లో డిస్కు, ఇల్లడ సొమ్ము

ఖాళీగా పడున్న హార్డ్ డిస్కును అద్దెకిస్తే నెలనెలా డబ్బులొస్తాయంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఇలా ఇళ్లలోని డిస్కుల్లో ఇతరుల ఫైళ్లు దాచే స్టోర్జ్ నెట్‌వర్క్‌లో నోడ్ పెట్టాలనుకునేవారు, అంటే తమ డిస్కును దానికి కలపాలనుకునేవారు, చాలామంది అక్కడే మొదలవుతారు. డబ్బు లెక్క తర్వాత చూద్దాం. ముందు ఆ డిస్కులోకి చేరే సరుకు ఎవరిదో తెలుసుకోవాలి.

ఎక్కడో ఒకరు దాచుకునే ఫైలు వారి దగ్గరే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. 64 ఎంబీల భాగాలుగా తెగుతుంది. కంపెనీ చాలాకాలం చెప్పిన లెక్కలో ఒక్కో భాగానికి 80 ముక్కలు. అవి 80 వేర్వేరు నోడ్లకు చేరతాయి. వాటిలో ఏ 29 దొరికినా చాలు, ఆ భాగం మళ్లీ పూర్తిగా తయారవుతుంది. దీని వెనకున్న రీడ్-సాలమన్ పద్ధతి 1960 నాటిది. గీతలు పడ్డ సీడీ కూడా తడబడకుండా పాడిందంటే అదీ దాని చలవే. నోడ్ యజమాని తన డిస్కు తెరిచి చూస్తే అర్థంలేని అక్షరాల పేర్లతో ఫైళ్లు బారులు తీరి ఉంటాయి. ఏది పెళ్లి ఫొటోనో, ఏది ఆఫీసు బ్యాకప్పో ఆయనకు తెలిసే దారి లేదు.

నమ్మి దాచమని అప్పగించిన ఇలాంటి పరాయి సొమ్మును మన పెద్దలు ఇల్లడ అన్నారు.

అందుకే నిఘా కూడా గట్టిగానే ఉంటుంది. శాటిలైట్ అనే సర్వర్ ఉన్నట్టుండి ఏదో ఒక ముక్కను చూపమంటుంది. చూపలేకపోతే నోడ్ పరపతి పడిపోతుంది. మరీ పడితే నెట్‌వర్క్ నుంచి వెలి. మొదటి మూడు నెలల సంపాదనలో 75 శాతం, తర్వాతి మూడు నెలలు 50, ఆపై మూడు నెలలు 25 శాతం ధరావతుగా ఆగిపోతుంది. అందులో సగం 15 నెలలు గడిచాక వెనక్కి వస్తుంది. మిగతాది ముందే చెప్పి పద్ధతిగా వెళ్లినవారికే. ఊరికే ప్లగ్గు పీకేసి పోయేవాళ్లను నమ్మి ఇతరుల ఫైళ్లు పెట్టడం కుదరదు కదా! ఈ కట్టుబాటు న్యాయమైనదే.

ఇక డబ్బు. ఒక టీబీ నెలంతా నిండుగా ఉంటే దాచినందుకు ఒకటిన్నర డాలరు. డిస్కు నిండడానికే నెలలు పడతాయి. 50 వాట్ల డెస్క్‌టాప్ రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 36 యూనిట్ల కరెంటు కాలుతుంది. వచ్చింది బిల్లుకే సరిపోకపోవచ్చు. ఒకే వీధిలో నలుగురు పెట్టినా లాభం ఉండకపోవచ్చు. ఐపీ చిరునామాలో చుక్కల మధ్య ఉండే మొదటి మూడు సంఖ్యలు కలిస్తే వాటన్నిటినీ ఒకే చోటుగా లెక్కగట్టి డేటాను పంచుతారు. ఒక ప్రాంతంలో కరెంటు పోతే ఒకే ఫైలు ముక్కలు ఎక్కువగా మూతపడకూడదన్నదే దాని ఉద్దేశం.

కాబట్టి నోడ్ కోసం కొత్త డిస్కు కొనడం తెలివైన పని కాదు. ఎలాగూ రోజంతా నడిచే చిన్న సర్వరు ఉండి, ఇంటర్నెట్ కనెక్షన్‌కు సొంత పబ్లిక్ ఐపీ ఉండి, కరెంటు పోయినప్పుడు కంప్యూటర్‌తోపాటు రూటర్‌నూ నిలబెట్టే యూపీఎస్ ఉంటే నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ఆ మూడింటిలో మన ఇళ్లలో ముందుగా చూసుకోవాల్సింది రూటర్ ఏ ప్లగ్గులో ఉందన్నది.