బిడ్డకు మూడు గంటల తీరిక

కోరుట్లనుండి ఒక సోదరి వ్రాసిన జాబు నా యెదుట నున్నది. ఆమె బీడీలు చుట్టి సంసారము నడుపుచున్నది. పెద్దకూతురు ఇంటర్మీడియేటు రెండవ యేట బైపీసీ చదువుచున్నదట. "తోడిపిల్లలు శిక్షణకై హైదరాబాదు పోవుచున్నారు. మాకంత శక్తి లేదు. ఇంటనే యుండి చదివినచో మా బిడ్డకు వ్యవసాయ కళాశాలలో సీటు దొరకునా?" అని యడిగినది. దొరకుననుటయు, దొరకదనుటయు సోదె చెప్పుటయే యగును. కాని యా బిడ్డకు హైదరాబాదుకంటె ముందుగా కావలసినది వేఱొకటి కలదు. అది తల్లి చేతిలోనే యున్నది.

పరీక్ష యెట్టిదో మొదట తెలిసికొందము. మన యిండ్లలో నేటికిని ఎంసెట్ అని పిలుచు పరీక్షకు తెలంగాణమున 2024 నుండి ఎప్‌సెట్ అని పేరు. వ్యవసాయ, ఫార్మసీ విభాగమున 160 ప్రశ్నలు. కాలము మూడు గంటలు. వృక్షశాస్త్రమున 40, జంతుశాస్త్రమున 40, భౌతికశాస్త్రమున 40, రసాయనశాస్త్రమున 40. అనగా సగము జీవశాస్త్రమే. ఇంటర్మీడియేటు మార్కులను ర్యాంకునకు కలుపు పద్ధతిని 2023 లో తీసివేసిరి. కావున ఆ మూడు గంటలలో చేసినదే లెక్క. ఒక్కొక్క ప్రశ్నకు నిమిషముపై ఏడెనిమిది సెకనులు మాత్రమే వచ్చును.

ఇక మన యిండ్ల సంగతి. పిల్ల పుస్తకము తెఱచి కూర్చుండును. "ఒక్క కట్ట ఆకు కత్తిరించి పోవమ్మా" అని తల్లి పిలుచును. సిరిసిల్లలో నైనచో కండెలు చుట్టుటకు పిలుపు. అది ముగియగానే చుట్టము వచ్చును, చాయ పెట్టవలయును. తమ్ముడు బడినుండి వచ్చును, అన్నము పెట్టవలయును. ఏ పనియు పది నిమిషములకు మించదు. అందుచేతనే మనకది పనిగా తోచదు. కాని యిట్లు ముక్కలుముక్కలుగా చదివిన పిల్ల, వరుసగా మూడు గంటలు కదలక కూర్చుండుట యెట్టిదో పరీక్షాగదిలోనే మొదటిసారి యెఱుగును. నూఱవ ప్రశ్నకు వచ్చునప్పటికి కన్నులు బరువెక్కును. వచ్చిన లెక్కయే తప్పిపోవును. ఇది తెలివి తక్కువై కాదు, అలవాటు లేక.

ఈ పరీక్ష ఉదయము 9 మొదలు 12 వఱకు గాని, మధ్యాహ్నము 3 మొదలు 6 వఱకు గాని జరుగును. ఇంట పని తొందర యంతయు ఆ వేళలలోనే. కావున వారమునకు రెండు దినములైనను, సరిగా ఆ వేళలకే, పాత ప్రశ్నపత్రము నొకదానిని ముందుంచుకొని బిడ్డ కూర్చుండవలయును. తలుపు వేసియుంచుడు, ఎవ్వరును పిలువరాదు. ఆ దినమున చాటలో బీడీలు తగ్గును, కూలి తగ్గును. ఇది నేను తేలికగా చెప్పు మాట కాదు. అయినను ఒకటి యడుగక తప్పదు: కొడుకు చదువుకొనునపుడు ఇల్లంతయు మెల్లగా మాటలాడును గదా, కూతురు చదువుకొనునపుడు మాత్రము పిలుపు లేల?

ఈ పరీక్ష కంప్యూటరు మీద జరుగును. మౌసు పట్టని పిల్ల కిదియొక చిక్కు. ఎప్‌సెట్ వెబ్‌సైటులో నమూనా పరీక్ష ఉచితముగా దొరకును. కళాశాలలోనో, తెలిసినవారి యింటనో రెండు మూడు సారులు చేయించుడు.

మఱియొక పొరపాటు చాలమంది చేయుచున్నారు. వైద్యవిద్యకై నీట్ పరీక్షకును చదువు పిల్లలు, తెలియని ప్రశ్నను విడిచిపెట్ట నేర్చుకొందురు. అది అక్కడ మంచిదే; నీట్‌లో ఒప్పునకు నాలుగు మార్కులు వచ్చును, తప్పునకు ఒకటి పోవును. ఎప్‌సెట్‌లో తప్పునకు కోత లేదు. ఇక్కడ ఒక్క ప్రశ్నయు ఖాళీగా విడువరాదు. కడపటి అయిదు నిమిషములను దీనికే యుంచుకొనుమని బిడ్డకు చెప్పుడు.

సీటు దొరకినచో దూరదేశము పంపవలయునను భయమును వలదు. జగిత్యాల చెంత పొలాసలో వ్యవసాయ కళాశాల కలదు. మన మెసరుపెట్టు జగిత్యాల సన్నాలు అక్కడి పరిశోధనాకేంద్రమునుండి వచ్చినవే. సిరిసిల్లలోను వ్యవసాయ కళాశాల కలదు. కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు. అందు చేరగోరువారు ఆ యేటి ప్రవేశ ప్రకటనను శ్రద్ధగా చదువవలయును.

రైతుబిడ్డలకు వ్యవసాయ విశ్వవిద్యాలయమున కొన్ని సీట్లు ప్రత్యేకముగా నున్నవి. తలిదండ్రుల పేర కనీసము ఎకరము భూమి యుండవలయును. బిడ్డ నాలుగేండ్లైనను పురపాలక పరిధికి వెలుపల చదివియుండవలయును. పై జాబు వ్రాసిన సోదరి, తన కూతురు చిన్నతనమున అమ్మమ్మ యూరి బడిలో అయిదవ తరగతి వఱకు చదివినదని మాటవరుస కొక ముక్క వ్రాసినది. భూమి విషయ మేమియు వ్రాయలేదు. అమ్మా, ఎకరమున్నచో పట్టాదారు పాసుపుస్తకమును తీసి చూచుకొనుడు. ఆ బడికి ఫలితములు వచ్చినపిదప గాక, ఇప్పుడే పోయి చదువు ధ్రువపత్రమును తెచ్చుకొనుడు. వేసవి సెలవులలో ప్రధానోపాధ్యాయులు ఊర నుండకపోవచ్చును.