ముగ్గు పోసే ముందు అడగండి

ఇల్లు ఎలా కట్టాలో మేస్త్రీకి తెలుసు, ఇంజినీరుకు తెలుసు. కాలనీ ఎలా ఉండాలో మాత్రం అందులో ఉండేవాళ్లకే తెలుసు. పదహారేళ్ల వయసులో తాపీ పట్టి, మనవళ్లొచ్చినా ఇంకా దించని వాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. మాది సూర్యాపేట జిల్లా అనంతగిరి. కోదాడ అడ్డా మీద నిలబడి కూలి పని వెతుక్కున్న రోజుల నుంచి పేదల ఇళ్ల పథకం పేరు ఎన్నిసార్లు మారిందో లెక్క పెట్టలేదు గానీ, ప్రతి పేరు కిందా నేను కట్టిన గోడ ఒకటైనా ఉంది. పేర్లు మారాయి, గోడ మీద రంగులు మారాయి. ఉండబోయేవాళ్లను అడగకుండా గీత గీసే అలవాటు మారలేదు.

ఇప్పుడు మళ్లీ ఇందిరమ్మ ఇళ్లు. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టారు. ఇంటికి 5 లక్షలు. బేస్‌మెంటుకు లక్ష, గోడలు లేస్తే కొంత, స్లాబు పడితే కొంత, అంతా అయ్యాక మిగిలింది. 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. ఒక్కో దశలో పంచాయతీ కార్యదర్శి వచ్చి ఫోన్లో ఫొటో తీస్తే డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. మధ్యలో కాంట్రాక్టరు లేడు. ఇంటి మట్టుకు ఇది బాగానే ఉంది, నేను వంక పెట్టను. నా గొడవంతా ఇంటికీ ఇంటికీ మధ్య ఉండే జాగా గురించి.

మా వైపు ఏ ఊరికి వెళ్లినా పాత బలహీన వర్గాల కాలనీ ఒకటి ఉంటుంది. ఒక గది, ముందు చిన్న వరండా, వెనక నాలుగు అడుగుల దొడ్డి. కట్టిన రోజున అదే మేడ. ఇప్పుడు స్లాబులో ఊచలు తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు మంచం మీద పడుతున్నాయి. అప్పుడు ఆలుమగలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో ఇప్పుడు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, మూడు పొయ్యిలు. ఇలాంటి కాలనీలో ఈ ఏడాది నాలుగు ఇళ్లు మంజూరవుతాయి, వచ్చే ఏడాది మరో ఆరు. ఎవరికి వస్తే వాళ్లు పాతది కూలగొట్టి కొత్తది కడతారు.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. కొత్తగా కట్టేవాడు బేస్‌మెంటు రోడ్డుకన్నా రెండున్నర అడుగులు లేపమంటాడు. ఎందుకు లేపమనడు? నాకు తెలిసిన పాత కాలనీల్లో సీసీ రోడ్డు మీద ఇంకో సీసీ రోడ్డు పోశారు. కిందది తవ్వి తీసే ఓపిక లేదు, ఎస్టిమేటులో ఆ ఖర్చూ ఉండదు. పోసినప్పుడల్లా రోడ్డు అరడుగు లేస్తుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి పోవాలి. వానాకాలంలో కొత్తింటి నీళ్లన్నీ పక్కనున్న పాతింట్లోకే. ఆ పాతింటి ముసలమ్మ పేరు జాబితాలోకి వచ్చేదాకా చీపురు పట్టుకుని గడప దగ్గర కూర్చోవాలి. పేరు వచ్చాక ఆమె కూడా మూడడుగులు లేపమంటుంది, అప్పుడు నీళ్లు ఇంకొకరింట్లోకి పోతాయి. నాకు పని దొరుకుతుంది నిజమే. కానీ ఒక ఇల్లు బాగుపడ్డప్పుడల్లా పక్కిల్లు మునగడం బాగు చేయడం ఎలా అవుతుంది?

దీనికి మందు పెద్దదేం కాదు. మొదటి ఇంటికి ముగ్గు పోయకముందే కాలనీ మొత్తానికీ కలిపి ఒక లెవెలు తేల్చాలి. రోడ్డు ఇక్కడికి, మోరీ ఇక్కడికి, బేస్‌మెంటు ఇంతకు మించొద్దు అని. నీళ్ల పైపు పట్టుకుని ఇద్దరు మనుషులు ఒక పూటలో కాలనీ అంతా తిరిగి కరెంటు స్తంభాలకు ఎర్ర రంగు మార్కు పెట్టొచ్చు. ఆ లెవెలు ఎవరు తేల్చాలన్నదే ప్రశ్న. ఇంజినీరు వాలు చెబుతాడు. ఏ వానకు నీళ్లు ఏ మూల నిలుస్తాయో, ఏ ఇంటి వెనక పాత బావి పూడ్చి ఉందో, ఏ సందులోంచి శవాన్ని తీసుకుపోతారో ఇంజినీరుకు తెలియదు. తెలియకపోవడం ఆయన తప్పు కాదు. అడగకపోవడం తప్పు.

అడుగుతున్నాం కదా, గ్రామసభలు పెడుతున్నాం కదా అంటారు. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంది. కాగితం మీద ఆ సభలు జరుగుతూనే ఉంటాయి. 2025 జనవరి 21 నుంచి 24 దాకా రాష్ట్రమంతటా జరిగిన గ్రామసభలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. రేషన్ కార్డులు, ఇళ్లు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా అని నాలుగింటి జాబితాలు చదివారు. మా పేరేదని జనం లేచారు, చాలాచోట్ల కేకలు, తోపులాటలు. పేరుంటుందా ఉండదా అని గుండె కొట్టుకుంటున్న మనిషి మోరీ ఎటు పోవాలో మాట్లాడతాడా? జాబితా చదివే సభ వేరు, కాలనీ గురించి కూర్చుని మాట్లాడే సభ వేరు. రెండూ ఒకే షామియానా కింద పెడితే రెండోది జరగదు.

వేళ సంగతీ చెప్పాలి. పొద్దున పదకొండింటికి సభ పెడితే వచ్చేదెవరు? పనికి పోని పెద్దమనుషులు, పార్టీల వాళ్లు, నాలుగు బైకుల మీద కుర్రాళ్లు. నాట్ల రోజుల్లో, మిరప ఏరే రోజుల్లో ఆడవాళ్లు తెల్లారకముందే ఆటో ఎక్కుతారు. ఇంట్లో ఎక్కువసేపు ఉండేది వాళ్లు, పొయ్యి ఎక్కడుండాలో, బట్టలు ఎక్కడ ఆరేయాలో తెలిసింది వాళ్లకు. సభలో సంతకాలు మాత్రం మగవాళ్లవి. ఒకచోట నేను ముగ్గు పోస్తుంటే అప్పుడే పొలం నుంచి వచ్చిన ఇంటావిడ కొంగుతో చెమట తుడుచుకుంటూ చూసి, "అంతా బాగుంది, మరి బర్రెనేడ కట్టెయ్యాలె మేస్త్రీ?" అంది. ఆమె మొగుడు, నేను, సైటు చూడ్డానికొచ్చిన సారు ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. ఆ ఇంటికి నెలనెలా డబ్బు తెచ్చేది ఆ బర్రే.

అడగకుండా కాలనీ కడితే ఏమవుతుందో మన జిల్లాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పులిచింతల ప్రాజెక్టు నిండుగా ఉంటే 45.77 టీఎంసీల నీళ్లు. ఆ నీళ్ల కింద ఇవతలి ఒడ్డున నెమలిపురి, అడ్లూరు, వెల్లటూరు లాంటి ఊళ్లు పోయాయి, అవతల గుంటూరు వైపు ఊళ్లు పోయాయి. ఊరు పోయినవాళ్లకు పునరావాస కాలనీలు వచ్చాయి. పులిచింతల పేరెత్తాను గానీ ఇప్పుడు చెప్పబోయేది అక్కడిది కాదు. నేను పనిచేసిన ఇంకో పునరావాస కాలనీలో ప్లాట్లు లాటరీ తీసి పంచారు. న్యాయంగానే పంచారు, ఎవరికీ ఎక్కువ తక్కువ లేదు. కానీ తల్లి ప్లాటు ఈ చివర, కొడుకు ప్లాటు ఆ చివర. వాడకట్టు మొత్తం పేకముక్కల్లా కలిసిపోయింది. ఆ తర్వాత వాళ్లలో వాళ్లే చెట్టు కింద కూర్చుని, స్టాంపు కాగితాలు రాసుకుని, ప్లాట్లు మార్చుకున్నారు. పట్టా ఒకరి పేరున, ఇల్లు ఇంకొకరిది. ఆ తర్వాత లోను కావాలన్నా, ఇల్లు అమ్ముకోవాలన్నా కష్టమే. లాటరీకి ముందే ఒక సాయంత్రం కూర్చోబెట్టి, ఎవరి పక్కన ఎవరుంటారో చెప్పండి అంటే ఈ తంటా ఉండేదా?

మా ఊరి పేరే ఉన్న ఇంకో అనంతగిరి ఉంది, రాజన్న సిరిసిల్ల జిల్లా ఇల్లంతకుంట మండలంలో. కాళేశ్వరం కింద కట్టిన అన్నపూర్ణ రిజర్వాయరులో మునిగింది. ఆ రిజర్వాయరు మూడున్నర టీఎంసీలే. చిన్న చెరువుకైనా పెద్ద చెరువుకైనా పోయేది పూర్తి ఊరే. 2013 భూసేకరణ చట్టం ఇలాంటి వాళ్ల కోసం మంచి జాబితా రాసింది. మూడో షెడ్యూలు చదివించుకుని విన్నాను. రోడ్లు, మోరీలు, తాగునీళ్లే కాదు, పశువులకు నీళ్లు, మేత భూమి, శ్మశానం, గుడి, అంగన్‌వాడీ, పోస్టాఫీసు, విత్తనాలు ఎరువులు దాచే గోదాము, అన్నీ ఉన్నాయి. పునరావాసం ముసాయిదాను ఊళ్లో చదివి, బహిరంగ విచారణ పెట్టాలని కూడా ఉంది. పల్లెటూరి కాలనీకి ఏం కావాలో రాసినవాళ్లకు బాగా తెలుసు. అదే జాబితాను ముంపు లేని మామూలు కాలనీని బాగుచేసేటప్పుడు ఎందుకు ముందు పెట్టుకోరు? ఊరు మునిగితేనే శ్మశానం గుర్తుకు రావాలా?

హుజూర్‌నగర్ గుట్ట దగ్గరి మోడల్ కాలనీ మాకు దగ్గర్లోనిదే. ఉత్తమ్‌కుమార్ రెడ్డి ఉమ్మడి రాష్ట్రంలో గృహనిర్మాణ మంత్రిగా ఉన్నప్పుడు మొదలుపెట్టారు, రెండు వేలకు పైగా ఇళ్లు. రాష్ట్రం విడిపోయాక పనులు ఆగి, ఏళ్ల తరబడి మొండిగోడలు నిలబడ్డాయి. 2023 చివర్లో ప్రభుత్వం మారాక మళ్లీ పని మొదలైంది. సంతోషం. మేస్త్రీగా నా భయం వేరు. గోడ పదేళ్లు ఎండావానల్లో నిలబడితే దాన్ని తట్టి చూస్తాం, బలం చూసి పైన కడతాం. పదేళ్ల కిందటి ప్లానును కూడా అలాగే తట్టి చూడాలి కదా. అప్పుడు ఇంటికో సైకిలు, ఇప్పుడు ఇంటికో బండి, కొందరికి ఆటో. అప్పుడు చంకలో ఉన్న పిల్ల ఇప్పుడు కాలేజీకి పోతోంది. ఎవరు దిగబోతున్నారో తేలిన రోజే వాళ్లను ఆ సందుల్లో నడిపించి, ఏం కావాలో రాసుకోవాలి. తాళాలిచ్చే రోజు మైకులో అడిగితే అందరూ బాగుందనే అంటారు.

పట్టణాల మాస్టర్ ప్లాన్లయితే చట్టమే అభ్యంతరాలకు గడువు ఇస్తుంది. 2023 జనవరిలో కామారెడ్డిలో ఏం జరిగిందో చూశాం. పచ్చటి పొలాలను ముసాయిదాలో పారిశ్రామిక జోనుగా చూపారు, కొన్నిటి మీదుగా వంద అడుగుల రోడ్లు గీశారు. అభ్యంతరాలు చెప్పుకోండని గడువూ పెట్టారు. ఆ రంగుల మ్యాపులో తన పొలం ఏదో గుర్తుపట్టగలిగిన రైతు ఎందరు? పొలం పోతుందని తెలిశాక ఊళ్లకు ఊళ్లు కదిలి కలెక్టరేట్ ముందు కూర్చున్నాయి. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిలే ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాలలోనూ అలాగే వెనక్కి తీసుకున్నారు. ప్లాను గీయడానికి పెట్టిన డబ్బు, కాలం అంతా నీళ్లపాలు. ముందే ఊరూరా తిరిగి పొలం గట్టు మీద నిలబెట్టి చూపించి ఉంటే అంతకన్నా తక్కువ ఖర్చయ్యేది.

లండన్‌లో 2018 నుంచి ఒక పద్ధతి ఉంది. నగర మేయర్ నిధులతో పాత కాలనీలో ఇళ్లు కూలగొట్టి పెద్ద సంఖ్యలో కొత్తవి కట్టాలంటే అక్కడివాళ్లు ఓటేసి ఒప్పుకోవాలి. పేదలకిచ్చే తక్కువ అద్దె ఇళ్లలో తమ పేరున అద్దెకున్నవాళ్లకూ ఓటుంది, వయసు పదహారు నిండితే చాలు. మన దగ్గర అద్దెకున్నవాణ్ణి ఎవరూ లెక్కలోకే తీసుకోరు. ఇటుక బట్టీకో రైస్ మిల్లుకో వచ్చి కాలనీలో గది తీసుకున్న కుటుంబం, ఇల్లు కూల్చే రోజు మూట నెత్తిన పెట్టుకుని పోవాల్సిందే. అందుకని ఆ పద్ధతి నాకు సగం నచ్చింది. సగమే ఎందుకంటే, అంతా తయారు చేసి అవునా కాదా అంటే మనిషి ఏం చెబుతాడు? ఇల్లు కావాలి కాబట్టి అవునంటాడు. ఓటు కన్నా ముగ్గే మేలు అంటాను. కాగితం మీద ప్లాను చదవలేనివాళ్లు కూడా నేల మీద ముగ్గు చదవగలరు. రోడ్డంత రోడ్డు, గదంత గది, అసలు కొలతకే సున్నం పోసి, ఇదిగో ఇది నీ వంటిల్లు, మంచం వేసుకుని చూడు అంటే, నిమిషంలో చెబుతారు చాలదని. కోడలు ఒక మాటంటుంది, అత్త ఇంకో మాటంటుంది. కాలితో చెరిపి మళ్లీ పోస్తాం. బస్తా సున్నం ఖర్చు. గోడ లేచాక చెరపాలంటే ఎంతవుతుందో నన్నడగండి.

అందరినీ అడుగుతూ కూర్చుంటే పని సాగదంటారు ఆఫీసు సార్లు. అది పూర్తిగా అబద్ధం కాదు. జానెడు జాగా కోసం అన్నదమ్ములు తల పగలగొట్టుకున్న చోట నేనూ ఉన్నాను. రోడ్డు వెడల్పు చెయ్యాలని అందరూ అంటారు, తన అరుగు మాత్రం ఎవడూ వదులుకోడు. కానీ ఆ గొడవ ఎలాగూ వస్తుంది. ముగ్గు దగ్గర వస్తే పెద్దమనుషులు తీరుస్తారు, గోడ దగ్గర వస్తే పోలీస్ స్టేషన్‌కు పోతుంది. ఇంకో సంగతి, చెప్పిన మాటకు జవాబు రావాలి. ఫలానా ఆమె మోరీ ఇటు వద్దంది, ఇందుకని మార్చాం, లేదా ఇందుకని మార్చలేకపోయాం అని పంచాయతీ గోడ మీద రాయాలి. రెండోసారి సభ పెట్టి చదవాలి. జవాబు లేని చోట జనం మళ్లీ నోరు తెరవరు.

మా మండలంలో తర్వాతి విడత ఇళ్లు వచ్చేలోగా ఏ ఒక్క పాత కాలనీలోనైనా ఇలా చేసి చూడమని అధికారులను, సర్పంచులను అడుగుతున్నాను. ఇంజినీరు సారు ఒకరు రావాలి, కార్యదర్శి పుస్తకం పట్టుకోవాలి. సున్నం, దారం, నీళ్ల పైపు నేను తెస్తాను, ఆ పూటకు కూలి అక్కర్లేదు. మీటింగు మాత్రం సాయంత్రం ఏడు దాటాకే పెట్టాలి, మిరప కూలీల ఆటోలు తిరిగొచ్చేది అప్పుడే.