మన సిట్రోయెన్‌కి దొరగారు అక్కర్లేదు

మొన్న సంక్రాంతికి యానాం వచ్చినవాళ్ళందరికీ తెలుసు, ఈసారి పండగ మూడు రోజులూ ఇంట్లో నడిచిన మాటలన్నీ పెరట్లో షెడ్డు కింద ఉన్న కారు గురించే. పాత కార్లు కొనే ఒకాయన బెంగళూరు నుంచి వచ్చి చూసుకుని వెళ్ళారు. మంచి ధరే చెప్పారు. కానీ రెండు షరతులు పెట్టారు. ఒకటి, కారుని ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు ఎలా ఉండేదో అలా మార్చుకోవడానికి అయ్యే ఖర్చు ధరలోంచి తగ్గిస్తారట. రెండోది, ‘ఇది యానాం ఫ్రెంచి దొర వాడిన కారు’ అని ఇంటి పెద్దలు ఒక కాగితం రాసి సంతకాలు పెట్టాలట. ఆ కాగితం ఉంటే ధర ఇంకొంచెం పెరుగుతుంది.

ఆ సంతకాలు పెట్టవలసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నేను పెట్టను. అన్నయ్యకి ఫోన్‌లో చెప్పాను, సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. చెన్నైలో, పాండిచ్చేరిలో, పారిస్‌లో ఉన్న మనవాళ్ళందరూ చదివి, తర్వాత నన్ను తిట్టాలంటే తిట్టండి.

1954లో ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళిపోతుంటే, ఒక దొర మన తాతయ్యగారి మీద అభిమానంతో కారు ఇచ్చేసి వెళ్ళాడని చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఆ ఏడాది జూన్ 13న యానాంలో ఫ్రెంచి అధికారం కూలింది. నవంబరు 1న పరిపాలన భారత ప్రభుత్వం చేతికొచ్చింది. చట్టప్రకారం విలీనం పూర్తయింది 1962 ఆగస్టు 16న. ఈ తేదీలన్నీ నిజమే కాబట్టి వాటి పక్కన నిలబడిన మన కథ కూడా నిజంలాగే కనిపించింది. పైగా కారేమో సిట్రోయెన్, ఫ్రెంచి కంపెనీది. ఇంకేం కావాలి?

కావలసింది బానెట్టు ఎత్తి చూడటం. అరవై ఏళ్ళలో ఆ పని మనలో ఎవరూ చెయ్యలేదు.

సిట్రోయెన్‌వాళ్ళు ట్రాక్షన్ అవాంట్ అనే ఈ రకం కార్లని 1934 నుంచి 1957 వరకు చేశారు. మొత్తం ఏడున్నర లక్షలకు పైగా తయారయ్యాయి. ఇంజను తిప్పేది ముందు చక్రాలని. వెనక్కి పోయే షాఫ్టు లేదు కాబట్టి లోపల నేల చదునుగా ఉంటుంది. అందుకే కదా మన అత్తయ్యలు కాళ్ళ దగ్గర గంగాళాలు పెట్టుకుని మరీ పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చారు! గేరు కర్ర డాష్‌బోర్డులోంచి బయటికి వస్తుంది. ఇదంతా మనకి తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, ఈ కార్లని పారిస్‌లోనే కాకుండా ఇంగ్లండులో, లండన్‌కి దగ్గర్లో ఉన్న స్లౌ అనే ఊళ్ళో కూడా చేసేవారు. ఆ ఫ్యాక్టరీ 1926లో పెట్టారు. అక్కడ చేసిన కార్లకి స్టీరింగు కుడివైపు. డాష్‌బోర్డు చెక్కది, సీట్లు తోలువి, కరెంటు సామాను లూకాస్ కంపెనీది, 12 వోల్టులు. పారిస్‌లో చేసినవాటికి డాష్‌బోర్డు రేకుది, బ్యాటరీ 6 వోల్టులు. పేరు కూడా వేరు, ఇంగ్లండులో దీన్ని ‘లైట్ ఫిఫ్టీన్’ అనేవారు.

మనది కుడివైపు స్టీరింగు. డాష్‌బోర్డు చెక్కది. లైట్ల మీద లూకాస్ పేరు ఇంకా కనిపిస్తోంది. బానెట్టు కింద ప్లేటు మీద పేరుకున్న జిడ్డు కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే, ఇంగ్లండులో తయారైనట్టు అక్షరాలు బయటపడ్డాయి. వెనక డిక్కీ మూత మీద స్టెప్నీ టైరు కోసం గుండ్రటి గుంట ఉంది చూశారా? 1952లో ఈ కార్లకి పెద్ద డిక్కీ పెట్టి ఆ గుంట తీసేశారు. అంటే మనది అంతకుముందు చేసిన బండి. ఇంగ్లండు బండి మద్రాసు వైపునుంచి వచ్చి ఉండాలి గానీ, ఫ్రెంచి దొర పారిస్ నుంచి తెప్పించుకున్నది కాదు.

ఇక కాగితాలు. ఆర్సీ పుస్తకంలో మొదటి పేజీ చెదలు తినేసింది. రెండో పేజీలో తాతయ్యగారి పేరుకి పైన ఉన్నది దొర పేరు కాదు, కాకినాడలో బియ్యం వ్యాపారం చేసిన ఒకాయన పేరు. తాతయ్యగారి ట్రంకు పెట్టెలో పొలం దస్తావేజుల అడుగున ఒక ప్రోనోటు దొరికింది, 1957లో రాసింది. అప్పు తీసుకున్నది ఆయనే. నోటు వెనకాల రెండు జమలు ఉన్నాయి. ఆ తర్వాత జమలు లేవు, ‘కారు స్వాధీనము’ అని తాతయ్యగారి చేతి రాతలో ఒక్క ముక్క ఉంది. అదీ సంగతి. కారు కానుకగా రాలేదు. అప్పు కింద వచ్చింది.

ఆ కుటుంబాన్ని వెతికాను. పేర్లు ఇక్కడ రాయను, వాళ్ళని అడగకుండా రాయడం మర్యాద కాదు. ఆ వ్యాపారిగారి అమ్మాయి విశాఖపట్నంలో ఉన్నారు, ఎనభై దాటాయి. ఫోన్‌లో నంబరు చెప్పగానే, “అది మా నాన్నగారి కారేనండీ” అన్నారు. కాసేపు ఆగి, “కారు తీసుకెళ్ళిన రోజు మా అమ్మ అన్నం తినలేదు” అన్నారు. నేనేం మాట్లాడగలను? ఆవిడ కోపంగా అనలేదు, మామూలుగానే చెప్పారు. వారం తర్వాత మనవడి చేత ఒక ఫొటో పంపించారు. అదే నంబరు ప్లేటు, కారు ముందు ఓణీలో తను.

ఇప్పుడు చెప్పండి. ‘దొర ఇచ్చిన కారు’ అని నేను సంతకం పెడితే, ఆ ఫొటో ఏమవుతుంది?

తాతయ్యగారు తప్పు చేశారని నేననడం లేదు. అప్పు న్యాయమైనదే, నోటూ సక్రమంగానే ఉంది. కానీ మనం ఆ అప్పు మాట మరిచిపోయి, దాని చోట దొరగారిని కూర్చోబెట్టాం. ఊరు వదిలి దూరంగా ఉన్న కుటుంబాలన్నిట్లోనూ ఈ అలవాటు ఉందనుకుంటాను. రంగూన్ పెట్టె ఉంటే అది ఓడ కెప్టెన్ ఇచ్చిందంటాం, గోడ గడియారం ఉంటే జమీందారుగారి బహుమతి అంటాం. మన సొంత కథ చిన్నదేమోనని భయం. చౌమహల్లాలో నిజాం పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది, దాని కథ రాయడానికి చాలామంది ఉన్నారు. మన షెడ్డులో కారు కథ మనం రాయకపోతే ఎవరూ రాయరు.

ఇక రెండో షరతు, కొత్తగా ఉన్నప్పటిలా చెయ్యడం. ఇక్కడ డ్రైవర్ తాత గురించి చెప్పాలి. కారుతోపాటు కాకినాడ నుంచి ఆయన కూడా వచ్చారని మీలో చాలామందికి తెలియదు. బండి చేతులు మారింది, దాని గుట్టు తెలిసిన మనిషి బండితోనే వచ్చేశాడు. ముప్ఫై ఏళ్ళు మన ఇంట్లోనే ఉన్నారు. ఆయన కొడుకు దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది, పెన్సిలుతో రాసినది. ఎప్పుడు ఏం మార్చారో, ఎవరికెంత ఇచ్చారో మొత్తం అందులో ఉంది.

ఆ రోజుల్లో విదేశీ కార్ల సామాను దొరికేది కాదు. దిగుమతులు బిగించేశారు, 1950లలో ఫోర్డు, జనరల్ మోటార్సు కంపెనీలే దేశంలో కార్ల బిగింపు ఆపేసి వెళ్ళిపోయాయి. ఇంక సిట్రోయెన్ సామాను ఎక్కడ దొరుకుతుంది? ఈ కార్లకి ముందు చక్రాల జాయింట్లు త్వరగా అరుగుతాయి. డ్రైవర్ తాత జీపు క్రాసులు తెచ్చి, కాకినాడలో లేతు మిషను మీద బుష్షులు తిప్పించి బిగించారు. తోలు సీట్లు చిరిగితే లోపల కొబ్బరి పీచు కూరి రెక్సిన్ కుట్టించారు. 1986 ఆగస్టులో గోదావరి పొంగి షెడ్డులోకి నీళ్ళొచ్చినప్పుడు కారుని దుంగల మీదకి ఎత్తించారు, అయినా అడుగు రేకు నిలవలేదు. తాళ్ళరేవులో పడవలు చేసే వడ్రంగుల చేత పలకలు వేయించి తారు పూయించారు. పక్క గుమ్మాల కింద తుప్పు పట్టిన చోట రేకు అతికించి వెల్డింగు చేయించారు. అదే బండిలో, యానాం వంతెన రాకముందు, పంటు ఎక్కించి ఎదుర్లంక దాటించి మనందర్నీ అమలాపురం తీసుకెళ్ళారు.

ఈ మార్పులన్నీ పీకేసి ‘ఒరిజినల్’ చేస్తే, పోయేది ఆ పుస్తకంలో ఉన్న ముప్ఫై ఏళ్ళూనూ.

చట్టం సంగతి కూడా చూశాను. 2021 జూలైలో కేంద్రం పాత బండ్లకి ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్నవాటినే వింటేజ్ కింద నమోదు చేస్తారు. ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. పాత నంబరు ఉంటే అదే ఉంచుకోవచ్చు. కొత్తగా నమోదుకి 20,000 రూపాయలు, పదేళ్ళ తర్వాత పొడిగింపుకి 5,000. రోజువారీ తిరగడానికి వీల్లేదు. ఉద్దేశం మంచిదే. కానీ ట్రాక్షన్ అవాంట్‌కి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. వరదకి తినేసిన చోట అతుకు వెయ్యడం మార్పా, మరమ్మతా? నా మటుకు అది మరమ్మతే. అది చెయ్యకపోతే ఈపాటికి కారు తుక్కు కింద పోయేది. పాత వాహనాల ప్రపంచ సమాఖ్యవాళ్ళు ఒప్పుకున్న టురిన్ చార్టర్ కూడా, బండి జీవితకాలంలో దాని మీద పడిన గుర్తులని గౌరవించమనే అంటుంది.

అన్నయ్య వాదనలో న్యాయం లేదని కాదు. షెడ్డులో పెట్టి తుప్పు పట్టనివ్వడం కంటే చూసుకునేవాళ్ళకి ఇవ్వడం మేలు. అడుగు పలకలు చీకిపోయాయి, వాటితో రోడ్డెక్కితే ప్రమాదం, మార్చాల్సిందే. యూరప్‌లో ఈ కార్లకి కొత్త సామాను ఇప్పుడు బాగానే దొరుకుతోంది కూడా. అందుకని నేను అమ్మొద్దనను. మూడు పనులు చేశాక అమ్ముదాం అంటాను.

ముందు ప్లేటు, ఇంజను నంబరు, ఆర్సీ పేజీలు, ప్రోనోటు, డ్రైవర్ తాత పుస్తకం, అన్నిటికీ ఫొటోలు తీసి ఒక ఫైలు కడదాం. ఆ ఫైలు కారుతోపాటే వెళ్ళాలి. రెండోది, తీసేసే ప్రతి ముక్కా, పడవ పలకతో సహా, చీటీ కట్టి డ్రైవర్ తాత కొడుక్కి ఇద్దాం. వద్దంటే మనం ఉంచుకుందాం. మూడోది, అమ్మేముందు విశాఖపట్నంలో ఆవిడకి చెబుదాం. ఒక్కసారి వచ్చి చూసుకుంటానంటే, కారు పంపి తీసుకొద్దాం.

ఇందువల్ల ధర తగ్గితే నా వాటాలో తగ్గించుకోండి. ఆ మాట అన్నయ్యకి ఫోన్‌లోనే చెప్పాను, ఇక్కడ రాతపూర్వకంగా కూడా చెబుతున్నాను. మీ ఆల్బముల్లో ఈ కారున్న ఫొటోలు ఏమైనా ఉంటే, నంబరు ప్లేటు కనిపించినా కనిపించకపోయినా, ఉగాదిలోపు పంపండి.