ఉమ్మడి బేరము, ఇరుకు సందు

నాంపల్లి రైలునిలయము మొదలు ఆబిడ్సు కూడలి వరకు గల దూరము నడచువానికి కొద్దిపాటి పని. కాని ఆ కొద్దిపాటి దారిలో నిజాముల నాటి రాతికట్టడములును, వానిని ఒరసికొని లేచిన నాలుగైదంతస్తుల వాణిజ్యభవనములును, వాని అడుగున గిడ్డంగులును, నెత్తిన వసతిగృహములును, ముంగిట కాలిబాట నాక్రమించిన అంగళ్లును, అన్నిటిమీద అల్లుకొన్న విద్యుత్తు తీగెలును ఇంత దట్టముగా చేరియున్నవి గనుక, నిప్పు పుట్టుటకు ఇక్కడ కారణములు వెదకనక్కరలేదు. నిప్పార్పు శకటము చొరబడుటకు దారి మాత్రము వెదకవలసియుండును. 2019 జనవరి 30వ తేదీ రాత్రి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానములో నుమాయిష్ ప్రదర్శనపు అంగళ్లు వరుసలు వరుసలుగా దగ్ధమయ్యెను. సందర్శకులున్న వేళ జరిగియు ప్రాణనష్టము లేకపోవుట దైవానుగ్రహమే గాని మన సన్నాహబలమని చెప్పుకొనుటకు వీలులేదు. ఆ అనుగ్రహము 2023 నవంబరు 13న బజార్‌ఘాట్‌లో లభింపలేదు. నివాసగృహముల క్రింది అంతస్తులో నిలువచేసిన రసాయనపు పీపాలు అంటుకొని, మేడమీది వారందరు పొగలో చిక్కుకొనిపోగా, నిచ్చెనలు వేసి కిటికీలగుండ మనుష్యులను దింపవలసివచ్చెను; కనీసము తొమ్మిదిమంది మరణించిరి. 2025 మే 18న, మూసీకి ఆవలి గుల్జార్ హౌజ్ వద్ద, ఒక్క ఇరుకు ప్రవేశమార్గము తప్ప వేరు దిక్కు లేని యింటిలో 17 మంది అసువులు బాసిరి. వారిలో ఎనిమిదిమంది పసివారు.

ఇట్టి ప్రతి దుర్ఘటన తరువాతను అమాత్యులు వచ్చుటయు, పరిహారము ప్రకటించుటయు, తనిఖీలకు ఆజ్ఞలు వెలువడుటయు, పిమ్మట కొంతకాలమునకు అధునాతన శకటములు పూలమాలలతో వరుసగా నిలిచి పచ్చజెండాకై యెదురుచూచుటయు మనకు అలవాటైన క్రమము. శకటములు వలదని నేననను. వానిని కొను పద్ధతిపైననే నా అభ్యంతరము.

ఫైరింజను అనునది మన దేశమున సాధారణముగ సిద్ధవస్తువుగా అంగడిలో దొరకదు. శాఖవారు టాటా వారిదో అశోక్ లేలాండ్ వారిదో ఒక ఛాసిస్ సంపాదింతురు. దానిని బాడీ కట్టువారికి అప్పగింపగా, వారు నీటితొట్టిని, ఇంజను బలముతో తిరుగు పంపును, గొట్టములను పనిముట్లను ఉంచు అరలను, మీది నిచ్చెన చట్రమును అమర్చి, ఎర్రరంగు పూసి, పరీక్షకు నిలుపుదురు. వాటర్ టెండర్లకు ఐ.ఎస్. 948, ఐ.ఎస్. 950 అనియు, రెస్క్యూ టెండరునకు ఐ.ఎస్. 949 అనియు భారత ప్రమాణములు లేకపోలేదు; అయితే అవి శకటము నెరవేర్పవలసిన పనిని నిర్దేశించుచు, తక్కిన వివరములలో కొనుగోలుదారుని యిష్టమునకు విశాలమైన చోటు విడిచినవి. ఆ చోటునందే చిక్కంతయు పుట్టుచున్నది. ఒక కొనుగోలు టెండరులో తొట్టి పరిమాణమొకటి, మరియొక దానిలో వేరొకటి. ఒకనాటి బండిలో కుడివైపున నుండిన వాల్వు మరుసటి బండిలో వెనుకకు పోవును. ఒక కంపెనీ పంపునకు సరిపోవు సీలు వేరొక కంపెనీ పంపునకు సరిపడదు. ఇది స్టోర్సు గుమాస్తాకు మాత్రమే సంబంధించిన బాధ యని తలపరాదు. పెద్ద మంట లేచినప్పుడు గౌలిగూడ అగ్నిమాపకకేంద్రపు బండి ఒక్కటే రాదు. నలుదిక్కుల కేంద్రములనుండియు బండ్లు చేరును, ఒక కేంద్రపు సిబ్బంది వేరొక కేంద్రపు బండి అర తెరచి, పొగలో, చీకటిలో, చేతితడుముటచేతనే పనిముట్టు అందుకొనవలసివచ్చును.

పైగా కొనువారు ఒక్కరు కారు. హైదరాబాదు నగరమునకే రాష్ట్ర అగ్నిమాపకశాఖ యొకటి, 2024 జూలైలో నెలకొల్పబడిన హైడ్రా అను సంస్థవారి విపత్తు దళము వేరొకటి. విమానాశ్రయమునకు దాని అవసరము దానిది. 2014 వరకు ఒకే శాఖగా నుండి, 1999 నాటి ఒకే అగ్నిమాపకచట్టమును పంచుకొన్న ఆంధ్రప్రదేశము నేడు తన బేరము తాను చేసికొనుచున్నది. ఇందరు వేర్వేరుగా పది, ఇరువది బండ్లు చొప్పున అడుగుచుండగా, కట్టువాడు ప్రతిసారియు క్రొత్త నమూనా గీసి, ఆ శ్రమకు వెల కట్టి, ఆలస్యమును కొనుగోలుదారునిపైననే మోపుటలో ఆశ్చర్యమేమున్నది?

పరికరములు పొసగకపోవుటవలని అనర్థమునకు లోకమున ప్రసిద్ధమైన నిదర్శనము అమెరికాలోని బాల్టిమోరు నగరము. 1904 ఫిబ్రవరిలో ఆ నగరము అంటుకొన్నప్పుడు వాషింగ్టను, ఫిలడెల్ఫియా, న్యూయార్కు మొదలగు నగరములనుండి దళములు సాయమునకు పరుగున వచ్చెను; వచ్చియు, తమ గొట్టముల కప్లింగులలో పెక్కు అచ్చటి హైడ్రంటులకు పొసగకపోవుటచే, నీరుండియు నిస్సహాయులై నిలువవలసివచ్చెను; 1,500 పైచిలుకు భవనములు బూడిదయ్యెను. ఆ పాఠము ఇంగ్లండునకు మరల నేర్పినది జర్మనుల బాంబువర్షము. వేయికి పైబడిన స్థానిక దళములు ఎవరి పరికరము వారిదిగా నుండుటవలని క్లేశమును కన్నులార చూచిన తరువాతనే, 1941 ఆగస్టులో వానినన్నిటిని కలిపి ఏకజాతీయ సేవగా మార్చిరి. మన దేశమున గొట్టపు మూతి విషయమున ఈ బాధ చాలవరకు తీరినది; 63 మిల్లీమీటర్ల కప్లింగు ప్రమాణమైనందున గౌలిగూడ గొట్టము విజయవాడ గొట్టముతో కూడును. మూతికి సాధించిన ఐక్యమును బండికి సాధింపకుండుటకు కారణము సాంకేతికము గాదు. నా టెండరు నాది, నా సంతకము నాది యను అధికారాభిమానమే.

ఈ మాట ఇప్పుడే చెప్పుటకు హేతువు కలదు. పదునైదేండ్లు నిండిన ప్రభుత్వవాహనముల రిజిస్ట్రేషనును 2023 ఏప్రిల్ 1 నుండి పునరుద్ధరింపరాదని కేంద్రము నియమము చేసినది. ఫైరింజను నిత్యము తిరుగునది కాదు. తక్కువ దూరము నడచి, ఎక్కువ కాలము కేంద్రములో సిద్ధముగా నిలుచునది. కనుక పాతబడినను పనికివచ్చు బండ్లు సైతము ఈ నియమమువలన అన్ని రాష్ట్రములలోను ఇంచుమించు ఒకే కాలమున విశ్రమింపవలసివచ్చినది. అదే సంవత్సరము జూలైలో, పదునైదవ ఆర్థికసంఘపు సిఫారసు ననుసరించి, రాష్ట్రముల అగ్నిమాపకసేవల ఆధునికీకరణకు 5,000 కోట్ల రూపాయల పథకము వెలువడినది. మన రాష్ట్రముల వంటివి తమ వంతుగా 25 శాతము చేర్చవలెను. ధనము ఒక చోటినుండి వచ్చినది, అవసరము ఒకే వేళ కలిగినది, వస్తువు ఒకటే. అయినను ప్రతి రాష్ట్రము తన ప్రణాళికను తాను వ్రాసి పంపుకొన్నది. ఇంతకంటె అనుకూలమైన సందర్భము మరల ఎన్నడు వచ్చునో!

ఉమ్మడిబేరము మనకు తెలియని విద్యయా? ఎంతమాత్రము కాదు. రాష్ట్రముల ఆర్టీసీలు 1965లో సంఘముగా నేర్పడి, విడిభాగములకు అందరి తరఫున ఒకే రేటు కాంట్రాక్టు కుదుర్చుకొనుట యేనాటినుండియో నడచుచున్న వ్యవహారము. 2022లో ఐదు నగరములకు కలిపి 5,450 విద్యుత్తు బస్సులకు ఒక్క టెండరు పిలిచిరి. ఆ జాబితాలో హైదరాబాదును కలదు. తేలిన ధర డీజిలు బస్సుల వ్యయముకంటె 27 శాతము తక్కువయని ప్రకటించిరి. ఆ తరువాత 10,900 బస్సులకు చేసిన మరియొక ఏర్పాటులో మన నగరమునకు 2,000 కేటాయించిరి. ప్రయాణికుని మోయు బండికి కుదిరిన పొత్తు ప్రాణము కాచు బండికేల కుదరదు?

అయితే పొత్తు అనగానే ఒక క్రొత్త కార్పొరేషను, దానికొక చైర్మను, ఆయనకొక కారు అని ఉత్సాహపడువారికి ఇంగ్లండులోని ఫైర్‌బై చరిత్రను చదువుమని మనవి చేయుదును. అచ్చటి నలుబదియారు అగ్నిమాపకశాఖల కొనుగోళ్లను కూర్చుటకై 2006లో ఆ సంస్థను స్థాపించిరి. నాలుగేండ్లకు జాతీయ ఆడిటు కార్యాలయము లెక్క తీసి చూడగా, ఆ సంస్థను స్థాపించి నడుపుటకైన వ్యయము, దానివలన శాఖలకు కలిగిన ఆదాకు దాదాపు రెండింతలని తేలినది. అనతికాలములోనే దానిని మూసివేసిరి. లోపము ఉమ్మడిభావమునందు లేదు. ఆ సంస్థ కుదిర్చిన ఒప్పందములను వాడుకొనుట శాఖల యిష్టమునకే విడువబడినది. ఎవరి స్పెసిఫికేషను వారు వదలుకొనలేదు. కార్యాలయము మాత్రము వెలసినది. మనవారు ఈ మూడింటిలో మూడవదానిని ముందుగా అనుకరింతురేమోయని నా భయము.

కావున ముందు కలియవలసినది ధనము గాదు, కాగితము. రెండు తెలుగు రాష్ట్రముల శాఖలును, హైడ్రా వారును కూర్చుండి, ఒక పెద్ద బండికి, ఒక చిన్న బండికి, ఒక రెస్క్యూ టెండరునకు ఒకే కొలతలపత్రము వ్రాసి, ఇన్నేండ్లవరకు దానిని మార్చబోమని సంతకము చేయవలెను. ఒక రాష్ట్రము అందరి తరఫున టెండరు పిలిచిన చాలును. క్రొత్త సంస్థ అక్కరలేదు. కర్ణాటకము, ఒడిశా రాదలచినచో పిమ్మట రావచ్చును. ఒక్కనికే పనియంతయు అప్పగించిన ఒక లోపము అన్ని బండ్లకును ప్రాకునను ఆక్షేపణ సహేతుకమైనదే. దానికి విరుగుడుగా, తేలిన ధరకే ఇద్దరు ముగ్గురు బాడీ కట్టువారికి పని పంచియిచ్చు రేటు కాంట్రాక్టు పద్ధతి యున్నది.

చిన్న బండిని గూర్చి మరికొంత చెప్పవలెను. మన కొనుగోళ్లలో ఘనతయంతయు ఆకాశమునకెత్తు నిచ్చెనలకే దక్కుచున్నది. ఫిన్లండు దేశపు బ్రాంటో యంత్రము గచ్చిబౌలి సౌధములకు అవసరమే కావచ్చును, కాని చిరాగ్ అలీ వీథిలో దాని కాళ్లు చాచుటకైన చోటుండదు. సందులకు తగిన పొట్టి ఛాసిస్ మీద తుంపరపంపు, కటింగు పనిముట్లు, పొగలో ఊపిరినిచ్చు సిలిండర్లు అమర్చిన బండ్లు కావలెను. ఒక్కొక్క శాఖ విడిగా అడిగినచో అట్టి బండ్లకు ఆర్డరు స్వల్పమై, కట్టువారికి ఉత్సాహముండదు. ఉమ్మడిబేరమువలన అధికముగా లాభపడునది ఇదియే. అట్లని నేలమాళిగలో పీపాలు నిలువచేయనిచ్చి, మెట్లదారిలో అట్టపెట్టెలు పేర్చనిచ్చి, ఎంత చక్కని బండిని కొన్నను ఫలితము కొంతయే. ఆ సంగతి మునిసిపాలిటీవారితో తేల్చుకొనవలసిన వేరు వ్యవహారము.

ఆ కొలతలపత్రము వ్రాయు సంఘములో ఇంజనీర్లతోపాటు లీడింగ్ ఫైర్‌మన్లును, డ్రైవర్ ఆపరేటర్లును ఓటుతో కూడిన సభ్యులై యుండవలెను. స్టీరింగు త్రిప్పువానికి తెలిసిన మలుపులు సచివాలయపు పటములో కానరావు. టెండరునందు ఒక షరతు చేర్చవలెనని నా సూచన: నమూనాబండిని తయారైన పిదప యార్డులో గాక, పనిదినమున, సాయంకాలము ఆరుగంటలకు, ఆబిడ్సు జీపీవో వద్దనుండి జగదీష్ మార్కెట్టు మీదుగా బజార్‌ఘాట్ సందులోనికి సిబ్బందిచే నడిపింపవలెను, అది అచ్చట నిలిచి, తలుపులు పూర్తిగా తెరచుకొని, గొట్టము పరచిన తరువాతనే మొదటి బిల్లు చెల్లింపవలెను.